పిలిచిన్రా మేడం?

కోరుట్ల చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే ఫ్లెక్సీలో వాడు కనిపించాడు. నీళ్ల ట్యాంకు మీద నిలబడి, ఒంటి మీద అంగి లేకుండా, గులాబీ రంగు గుడ్డ ఒకటి ఊపుతున్నాడు. పైన పెద్ద అక్షరాల్లో ‘ఉద్యమ వీరుడికి కన్నీటి నివాళి’ అని ఉంది. కింద వరుసగా చిన్న చిన్న మొహాలు. అవి నివాళి అర్పించేవాళ్లవి. మా దగ్గర ఫ్లెక్సీల్లో పోయినవాడి కంటే ఏడ్చేవాళ్లకే ఎక్కువ జాగా ఉంటుంది.

నేను రిటైరయ్యాక జగిత్యాలలో ఉంటున్నాను. ఆ రోజు మెట్‌పల్లిలో చెల్లెలింటికి పోతున్నాను. కోరుట్లలో నాకేం పని లేదు. అయినా సంచి తీసుకుని దిగిపోయాను. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడితే మొదట నాకు వచ్చింది కోపమే, ఏడుపు తరువాత వచ్చింది. ఎందుకంటే ఆ గుడ్డ గులాబీ రంగుది కాదు. అది మా బడి అంగి. తెల్లది. ఫ్లెక్సీ షాపులో ఎవరో కంప్యూటర్ మీద దానికి రంగు వేశారు.

అసలు అది జెండానే కాదు. ఆ మాట ఇంకా గుర్తున్నవాళ్లం ఊరు మొత్తం మీద నలుగురైదుగురం ఉంటామేమో. అందులో ఒకడు ఇప్పుడు లేడు.

వాడు నా దగ్గర ఎనిమిది, తొమ్మిది చదివాడు. చదివాడు అనడం మర్యాదకు. బడిలో ఉన్నాడు. అది కూడా పూర్తి నిజం కాదు, ఎందుకంటే వాడు ఒక చోట ఉండడమనేది నేను చూడలేదు. బెంచీ మీద కూర్చుంటే ఒక కాలు బయటే ఉండేది, ఇప్పుడే లేవాలన్నట్టు. నేను ప్రశ్న సగం అడిగేసరికి జవాబు చెప్పేవాడు, అదీ ఇంకేదో ప్రశ్నకు. గంగా నది ఎక్కడ పుట్టింది అనబోతే "అక్బర్" అనేవాడు. క్లాసంతా నవ్వేది. వాడూ నవ్వేవాడు, అందరికంటే ఎక్కువసేపు, అందరూ ఆపేశాక కూడా.

చేతులు ఊరుకునేవి కావు. అంగి గుండీలు పట్టుకుని తిప్పుతూ ఉండేవాడు. మొదటి పీరియడులో పై గుండీ, మధ్యాహ్నానికి పొట్ట దగ్గరి గుండీ. ఊడిన గుండీ నోట్లో వేసుకుని చప్పరించేవాడు. వాళ్లమ్మ బీడీలు చేసేది. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దున్నుంచి అదే పని. బీడీలకు కట్టే దారాన్ని పేటలు పేటలుగా వేసి ఆ గుండీలను అంగికి బిగించేది. నేనొకసారి ఇంటికి పోయినప్పుడు చూపించింది కూడా, ఇగ చూస్త ఎట్ల తెంపుతడో అని. తండ్రి మస్కట్‌లో ఉండేవాడు. శుక్రవారం ఫోను చేసేవాడు, కొడుకు మాత్రం లైన్లో నిలిచేవాడు కాదట, హలో అని ఫోను తల్లికిచ్చి వాకిట్లోకి ఉరికేవాడట.

వాడి నోట ఎప్పుడూ ఒక మాట ఉండేది. "ఇగ చెయ్య మేడం." నేను కోప్పడకముందే అనేవాడు. ఒక్కోసారి వాడు అసలేమీ చేయనప్పుడు కూడా. నేను చాక్‌పీసు కోసం వాడి వైపు తిరిగినా లేచి నిలబడి ఆ మాట అనేవాడు. అన్ని తప్పులూ తనవే అనుకోవడం పిల్లవాడికి ఎట్లా అలవాటవుతుందో నేను నా కళ్లతో చూశాను.

అది నేర్పింది తోటి పిల్లలే. వాళ్లకు వాడొక ఆట. నేను బోర్డు వైపు తిరగగానే వెనక నుంచి పెన్నుతో పొడిచేవాళ్లు. వాడు కేకపెట్టి ఎగిరి లేచేవాడు. నేను ఇటు తిరిగేసరికి అందరూ పుస్తకాల్లో తలలు పెట్టుకుని ఉండేవాళ్లు, వాడొక్కడే నిలబడి ఉండేవాడు. ఏ మేష్టారికైనా నిలబడ్డవాడే కదా కనిపించేది. నీకు దమ్ము లేదురా అంటే చాలు, వాడు ఏ పనైనా చేసేవాడు. కందిరీగల తుట్టెను చేత్తో ముట్టాడు. హెడ్‌మాస్టరు బండి హారను కొట్టాడు. చేశాక భయపడేవాడు. చేసేముందు భయపడాలన్న సంగతి వాడికి ఎన్నడూ అందలేదు.

వాళ్లకు అన్నిటికంటే ఇష్టమైన ఆట ఇంకొకటి. మేడం పిలుస్తుందిరా అనేవాళ్లు. అంతే, వాడు వరండాలో ఉరుక్కుంటూ స్టాఫ్‌రూముకు వచ్చి, తలుపు పట్టుకుని ఆయాసపడుతూ అడిగేవాడు.

"పిలిచిన్రా మేడం?"

లేదురా అంటే వెళ్లిపోయేవాడు. వరండా అవతల నవ్వులు వినిపించేవి. మళ్లీ పీరియడు కాగానే వచ్చేవాడు. నిన్న మోసపోయానని ఈ రోజు వాడికి గుర్తుండేది కాదో, లేక ఈసారి నిజంగానే పిలిచానేమోనన్న ఆశో నాకు తెలియదు. తోటి టీచర్లు కూడా నవ్వుకునేవాళ్లు.

కొన్నాళ్లకు నేనొక ఉపాయం చేశాను. వాడు వచ్చి అడగ్గానే "అవును, పిలిచాను" అనడం మొదలుపెట్టాను. ఆ మ్యాపు తీసి గోడకు తగిలించు, ఆ డస్టరు దులిపి తే, అని ఏదో ఒక పని చెప్పేదాన్ని. వాడి మొహం వెలిగిపోయేది. ఇండియా మ్యాపు చుట్ట భుజం మీద పెట్టుకుని క్లాసుకు పోయేవాడు, పెళ్లికొడుకు పల్లకీ తానే మోస్తున్నట్టు. నేను చాలా తెలివైన పని చేశాననుకున్నాను. వారం తిరక్కముందే వాడు చెవి దగ్గర వాపుతో వచ్చాడు. మేడం చెంచా అని బడి వెనక పట్టుకుని కొట్టారట. ఎవరు కొట్టారని అడిగితే "ఎవలు కొట్టలే, ఇగ చెయ్య మేడం" అన్నాడు.

కొట్టినవాడు ఎవరో నాకు తెలుసు. పేరెందుకు, అందరూ వాణ్ణి పొడుగోడు అనేవాళ్లు. ఆ క్లాసులో అందరికంటే పొడుగు, అందరికంటే బలం. తండ్రికి బజార్లో దుకాణం, ఊళ్లో పరపతి. నేను పొడుగోణ్ణి పిలిచి తిట్టాను, తల్లిదండ్రులను పిలిపిస్తానన్నాను. తల వంచుకుని విన్నాడు. ఆ సాయంత్రం వీడికి ఇంకో నాలుగు పడ్డాయి. హెడ్‌మాస్టరుకు చెప్పాను. ఆయన మంచివాడే, చెడ్డవాడంటే నా నోరు పడిపోతుంది, కానీ అప్పుడాయన మనసంతా ఉద్యమం మీద ఉంది. మగపిల్లలన్నంక కొట్టుకుంటరు మేడం, అన్నీ మనం పట్టించుకుంటమా అన్నాడు. సీట్లు మార్చాను. వీణ్ణి ముందు బెంచీకి తెచ్చాను. వీడు గంటసేపు కూడా ఉండలేదు. తిరిగి వెళ్లి పొడుగోడి పక్కనే కూర్చున్నాడు.

నాకు అన్నిటికంటే అర్థం కానిది అదే. వీడు కొట్టేవాడి వెంటే తిరిగేవాడు. "వాడు నా దోస్తు మేడం" అనేవాడు.

ఆ ఏడాది బడి నడిచిన రోజులకంటే బంద్ అయిన రోజులే ఎక్కువేమో అనిపించేది. ఇవాళ ర్యాలీ, రేపు మానవహారం, ఎల్లుండి ధర్నా. పిల్లలను వరుసగా చౌరస్తాకు తీసుకుపోయేవాళ్లం. మేమంతా మనస్ఫూర్తిగానే పోయాం, నేను కూడా గొంతు పోయేదాకా అరిచాను. ఆ ర్యాలీల్లో వాడికి మొదటిసారి ఒక ఉద్యోగం దొరికింది. క్లాసులో తప్పయిన గొంతు రోడ్డు మీద పనికొచ్చింది. ముందు నడిచే నాయకుడు "జై" అనేసరికే వీడు "తెలంగాణ" అనేవాడు, మిగతావాళ్లు ఇంకా నోరు తెరవకముందే. వెనక నుంచి నెత్తి మీద ఒకటి పడేది. వీడు నవ్వి మళ్లీ ముందే అనేవాడు.

అట్లా ఒకరోజు మా బడి ముందరి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు పెట్టి వండడం, అందరూ అక్కడే కూర్చుని తినడం, బస్సులూ లారీలూ ఎక్కడివక్కడ ఆగిపోవడం. బీడీలు చేసే ఆడవాళ్లు చాటలు పక్కనపెట్టి వచ్చి వంటకు దిగారు. వాళ్లమ్మ కూడా అందులో ఉంది, కొంగు నడుముకు చుట్టి అన్నం గంజు దగ్గర నిలబడింది. పప్పుకు ఇంకో గంజు కావాలంటే, బడిలో మధ్యాహ్న భోజనం వండే గంజు ఉంది కదా అని నేను తేవడానికి పోయాను.

బడి వెనక గోడకు ఆనుకుని మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకు ఉంది. అక్కడ పిల్లల నవ్వులు వినిపిస్తే అటు నడిచాను. ఐదారుగురు పిల్లలు గుంపుగా నిలబడ్డారు. మధ్యలో వాడు, ఒంటి మీద అంగి లేదు. సన్నటి పక్కటెముకలు కనిపిస్తున్నాయి. ఎగిరెగిరి పడుతూ "నా అంగి ఇయ్యుండ్రిరా, అమ్మ కొడ్తది" అంటున్నాడు. పొడుగోడు ట్యాంకు ఇనుప మెట్ల మీద నుంచి చివరి మెట్టు దిగి చేతులు దులుపుకుంటున్నాడు. నేను తలెత్తి చూశాను. పైన కమ్మీలకు తెల్ల అంగి కట్టి ఉంది, గాలికి ఊగుతోంది.

నన్ను చూసి మిగతావాళ్లు పారిపోయారు. నేను "ఆగరా" అన్నాను వాడితో. ఆగు అన్న మాట వాడికి ఎప్పుడూ సమయానికి చేరదు. నా నోట్లోంచి మాట వచ్చేసరికి వాడు సగం మెట్ల మీద ఉన్నాడు. పై దాకా పోయాడు, ముడి విప్పాడు, అంగి చేతికి తీసుకున్నాడు. అప్పుడు కిందికి చూశాడు.

కిందికి చూడడం అదే మొదలు. ఒక చేత్తో కమ్మీని పట్టుకుని అక్కడే బిగుసుకుపోయాడు. తరువాత రెండో చేతిలోని అంగిని అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాడు. నోరు తెరిచి ఏదో పిలుస్తున్నాడు.

రోడ్డు మీద ఎవరో చూశారు. పోరడు ట్యాంకు ఎక్కిండు అన్న కేక లేచింది. ఆ రోజుల్లో ఎవరైనా ట్యాంకో సెల్ టవరో ఎక్కితే దానికి ఒక్కటే అర్థం. మా ఊరివాళ్లు కూడా అదే అర్థం తీసుకున్నారు, ఇంకో అర్థం ఉంటుందని ఎవరికి తడుతుంది? వంట దగ్గరి జనమంతా ఉరికొచ్చారు. జై తెలంగాణ అని ఒకటే హోరు. మైకు తెచ్చారు. డప్పులు మొదలయ్యాయి. పైన వాడు అంగి ఊపినకొద్దీ కింద చప్పట్లు పెరిగాయి, చప్పట్లు పెరిగినకొద్దీ వాడు ఇంకా గట్టిగా ఊపాడు.

నేను మైకు పట్టుకున్న నాయకుడి దగ్గరికి తోసుకుంటూ పోయాను. సార్, వాడు అంగి కోసం ఎక్కాడు, భయపడుతున్నాడు, దింపండి అన్నాను. ఆయనకు నా మాట సగమే వినపడి ఉంటుంది. "మీ బడి పోరడా మేడం? శభాష్" అని, మైకులో మా బడి పేరు చెప్పి మళ్లీ చప్పట్లు కొట్టించాడు. పోలీసులు వచ్చారు. వాళ్లది ఇంకో మైకు. బాబూ, నీ డిమాండు పైకి పంపిస్తం, మంచిగ దిగు అన్నారు. వాడి డిమాండు వాడి చేతిలోనే ఉంది. నేను ఇన్స్‌పెక్టరుకు కూడా చెప్పాను. మేడం, మీరే ఎక్కించి మీరే అట్లంటె ఎట్ల అన్నాడు.

చివరికి ట్యాంకు వాల్వు తిప్పే ముసలాయన ఎక్కి, తువ్వాలతో వాణ్ణి నడుముకు కట్టుకుని ఒక్కొక్క మెట్టే దింపాడు. నేల మీద కాలు పెట్టగానే వాడు జనంలో నన్ను వెతికి చూశాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"ఇగ ఎక్క మేడం" అన్నాడు.

నేను దగ్గరికి పోయేలోపు వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నారు. మెడలో దండ, మొహమంతా గులాల్. అంగి పిడికిట్లోనే ఉంది. కొంచెం దూరం పోయాక వెనక్కి తిరిగి నన్ను చూశాడు, అప్పుడు నవ్వుతున్నాడు. పుట్టాక మొదటిసారి తన కోసం చప్పట్లు విన్నాడు, నవ్వడా మరి? మొదటి భుజం పొడుగోడిది. మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది.

ఒక వారం పది రోజులు వాడికి బాగా గడిచింది. హోటల్లో ఊరికే మిర్చి పెట్టారు. బడిలో దారిచ్చారు. వాళ్లమ్మ పేపరు ముక్కను గోడకు అంటించింది. నేనూ పోనీలే అనుకున్నాను, అబద్ధమైతేనేం, పిల్లవాడికి ఇంత గౌరవం దక్కింది కదా అని.

తరువాత మొదలైంది అసలు నరకం. ట్యాంకు ఎక్కినోడివి, ఇది ఎక్కవా అని బడి గోడ ఎక్కించారు, టేకు చెట్టు ఎక్కించారు, మిద్దె పిట్టగోడ మీద నడిపించారు. భయమైతంది అంటే నవ్వారు. ఏడిస్తే ఇంకా నవ్వారు, ఉద్యమ వీరుడు ఏడుస్తడారా అని. ఇదివరకు కొడితే ఎవరో ఒకరు అయ్యో అనేవాళ్లు. ఇప్పుడు ఆ అయ్యో కూడా పోయింది. నేను హెడ్‌మాస్టరు దగ్గరికి పోతే, వాన్ని ఎవడేమంటడు మేడం, ఊరంత మెచ్చుకున్నోడు అన్నాడు. వాళ్లమ్మకు చెప్పాను. ఆమె గోడ మీది ఫోటో వైపు చూసి, చాటలోకి తల దించుకుంది.

ఒకరోజు వాడు స్టాఫ్‌రూముకు వచ్చాడు. ఈసారి ఉరకలేదు, నడుచుకుంటూ వచ్చాడు. పిలిచిన్రా అని అడగలేదు.

"మేడం, మీరు చెప్పుండ్రి" అన్నాడు. "నేను అంగి కోసం ఎక్కిన అని చెప్పుండ్రి. మీరు చూసిన్రు గద. అప్పుడు ఇగ నన్ను ఎక్కుమనరు."

అంత పొడుగు మాట ఎక్కడా తెగకుండా వాడు మాట్లాడడం అదే మొదలు. మరునాడు ప్రార్థనలో నేను ముందుకు వచ్చి చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, అంగి ఎవరు కట్టారో కూడా చెప్పాను. బడంతా నిశ్శబ్దంగా విన్నది. నాకు ఒక్క క్షణం ఆశ కలిగింది. అప్పుడు వరుసలో వెనక నుంచి పొడుగోడు చప్పట్లు కొట్టాడు. ఒకరిని చూసి ఒకరు, బడంతా చప్పట్లు కొట్టింది. టీచర్లు కూడా కొట్టారు, దేనికో తెలియక. ఆ రోజు నుంచి వాడి పేరు అంగి అయింది. ఏయ్ అంగీ, ఇటు రారా అని పిలిచేవాళ్లు. మీద పడి గుండీలు తెంపేవాళ్లు.

పదో తరగతిలో దసరా సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. సిరిసిల్లలో మేనమామ దగ్గర సాంచాల పనికి, అంటే మరమగ్గాల మీద బట్ట నేయడానికి, పంపించామని వాళ్లమ్మ చెప్పింది.

చాలా ఏళ్ల తరువాత జగిత్యాలలో టీచర్లకు ఒక శిక్షణ పెట్టారు. ఒకాయన వచ్చి, కొందరు పిల్లలు కుదురుగా కూర్చోలేరు, తమ వంతు వచ్చేదాకా ఆగలేరు, చేశాక గాని ఆలోచించలేరు, అది అల్లరి కాదు, ఏడీహెచ్‌డీ అంటారు అని చెప్పుకుంటూ పోయాడు. అటువంటి పిల్లలను తోటిపిల్లలు ఎక్కువ ఏడిపిస్తారు, అటువంటి పిల్లలే కొందరు తోటివాళ్లను ఏడిపిస్తారు కూడా అన్నాడు. నా పక్కనున్నవాళ్లు టీ కోసం చూస్తున్నారు. నాకు వాడు కళ్లముందుకొచ్చాడు. వెంటనే ఇంకొకడు కూడా వచ్చాడు. పొడుగోడు కూడా ఏనాడూ కుదురుగా కూర్చోలేదు. ఆ ట్యాంకును వాడూ ఆలోచించకుండానే ఎక్కాడు. కాకపోతే బలమున్నవాడి తిక్కను మేము చురుకుదనం అన్నాం. ఇద్దరికీ ఒకే అవస్థ అయితే, ఒకడి చేత ఒకణ్ణి కొట్టించి మేం చూస్తూ కూర్చున్నామా అనిపించింది. సర్టిఫికెట్టు తీసుకుని ఇంటికొచ్చాను. ఇప్పుడు తెలిసి ఏం లాభం?

నేను రిటైరయ్యే ముందు ఎన్నికల డ్యూటీ సిరిసిల్లలో పడింది. ముందు రోజు మధ్యాహ్నం బస దగ్గర నుంచి బజారుకు నడుస్తుంటే వెనక ఎవరో ఉరికొస్తున్న చప్పుడు. తిరిగి చూస్తే గడ్డం పెంచిన యువకుడు, తలంతా దూదిపీచు.

"పిలిచిన్రా మేడం?" అన్నాడు, నవ్వుతూ.

"అవును, పిలిచాను" అన్నాను.

తన సాంచాలు చూపిస్తానని షెడ్డులోకి తీసుకుపోయాడు. లోపల ఒకటే మోత, పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. వాడు ఒక సాంచె నుంచి ఇంకో సాంచెకు పోతూ, నూలు అయిపోయిన చోట కండె మారుస్తూ, పోగు తెగిన చోట అతుకుతూ, ఒక్క క్షణం నిలవకుండా తిరుగుతున్నాడు. నిలవకుండా ఉండడమే ఇక్కడ పని. వాడి మొహంలో అంత నెమ్మది నేను ఎప్పుడూ చూడలేదు. బయటికి వచ్చి టీ తాగుతున్నప్పుడు, ఇక్కడ మంచిగుంటది మేడం, ఎవడేమన్న వినపడది అన్నాడు.

నేను ఆ ట్యాంకు సంగతి ఎత్తాను. ఎన్నో ఏళ్లుగా నాలో ఉన్న ప్రశ్న అది. పైన నిలబడి ఎవర్ని పిలిచావురా అని అడిగాను. వాడు గుండీ తిప్పుతూ చెప్పాడు.

"పొడుగోన్నే పిలిచిన మేడం. వాడొక్కడే గద ఎక్కి దిగినోడు. ఎట్ల దిగాల్నో వానికే ఎరుక. ఎంత పిలిచినా వాడు చప్పట్లే కొట్టిండు."

కోపంగా అనలేదు. చూడబోతే నొచ్చుకున్నట్టు కూడా లేదు. ఇప్పటికీ ఫోను చేస్తడు మేడం, దోస్తే కద, జూన్ రెండు నాడు స్టేజి మీద నిలబెడ్తడట, పిలుస్తనన్నడు అని సంబరంగా చెప్పాడు. పోకురా అందామనుకున్నాను. టీ గ్లాసు నా చేతిలోంచి లాక్కుని కడగడానికి ఉరికాడు. అదే చివరిసారి.

ఫ్లెక్సీ చూసి నేను వాళ్లింటికి నడిచేసరికి వాకిట్లో షామియానా వేసి ఉంది. సంతాప సభ. ఏం జరిగిందో అక్కడే తెలిసింది. ఆవిర్భావ దినోత్సవానికి సన్మానం ఉందని పొడుగోడు ఫోను చేశాడట. వీడు సాంచాలు పక్కవాడికి అప్పజెప్పి, ఉన్నపళాన బండి మీద బయల్దేరాడు. రుద్రంగి దాటాక మూలమలుపులో లారీ.

పొడుగోడు ఇప్పుడు వార్డులో చిన్న లీడరు. ఫ్లెక్సీ వాడు వేయించిందే. నన్ను చూడగానే వచ్చి కాళ్లకు మొక్కాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. "నేను పిలుస్తె ఆగడు మేడం, వెంటనే బయల్దేరుతడు" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అది దొంగేడుపైతే నాకు సుఖంగా ఉండేది. కాదు. వాడు నిజంగానే దోస్తును పోగొట్టుకున్నాడు. అంగి సంగతి వాడికి గుర్తుందో లేదో కూడా నాకు అనుమానమే. నేను వాడి నెత్తి మీద చెయ్యి పెట్టాను, ఇంకేం చేయాలో తెలియక.

లోపల వాళ్లమ్మ గోడకానుకుని కూర్చుంది. చాట పక్కన బోర్లించి ఉంది. నేను పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకుంది. బయట మైకులో వాడు తెలంగాణ కోసం ప్రాణాలకు తెగించి ట్యాంకు ఎక్కాడని ఎవరో మాట్లాడుతున్నారు. ఆమె వింటూ, మెల్లగా, నాకు మాత్రమే వినపడేటట్టు చెప్పింది.

"గా రోజు అంగి చూసిన మేడం. గుండీలు బీడీల దారంతోని నేను పేటలేసి కుట్టినయి. దారం తెగలే. బట్ట చినిగింది. ఎవలో గుంజితెనే గట్లయితది."

నేను ఆమె మొహంలోకి చూశాను. ఇన్నేళ్లూ ఆమె ఆ ఫోటోను నమ్మిందనుకున్నాను. మరి అప్పుడే ఎందుకు అనలేదమ్మా అన్నాను.

"ఎవలకు చెప్పాలె? ఊరంత నా కొడుకును భుజాల మీద మోసింది. ఒక్కనాడన్న మోసింది."

బయట జోహార్ అని కేకలు వేశారు. అవి తగ్గేదాకా ఆగి, ఆమె నా చెయ్యి వదలకుండా అడిగింది.

"మీద నిలవడి నోరు తెరిచి ఎవలనో పిలుస్తుండె. అందరు జై అంటున్నడన్నరు. ఎవలను పిలిచిండు మేడం?"

వాకిట్లో పొడుగోడు ఫోటోకు దండ సరిచేస్తున్నాడు. నాకు జవాబు తెలుసు. ఆ జవాబు ఈ తల్లికి ఎట్లా ఇవ్వను? ఒకప్పుడు స్టాఫ్‌రూము తలుపు దగ్గర ఆయాసపడుతున్న పిల్లవాడికి చెప్పినట్టే, ఈమెకూ ఊరట కలిగే మాట ఒకటి చెప్పాను.

"నిన్నేనమ్మా. అమ్మా అని పిలిచిండు."

ఆమె తల ఊపింది. మొహం కొంచెం తేటపడుతుందేమోనని చూశాను. ఆమె నా చెయ్యి వదిలేసి, రెండు అరచేతులూ చెవుల మీద పెట్టుకుంది.

"గంజు కాడనే ఉన్న మేడం నేను" అంది. "గంత దగ్గర్ల ఉండి, నాకు వినపడలే."